పోయినం, ఆడినం, వచ్చినం

దంతాలపల్లి దగ్గరి తాండాలో రుక్కిని విదేశాల ముచ్చట అడిగి లాభపడినవాళ్లు లేరు. "పోయినం, ఆడినం, వచ్చినం. గంతే" అనేసి చేటలో బియ్యం చెరుగుతూ కూర్చునేది. రెండుసార్లు విమానమెక్కిన మనిషి. ఒకసారి రష్యాకు, ఇంకోసారి ఆమె నోట్లో 'అంగేరి' అయిపోయిన హంగేరీకి. అప్పటికి తాండాలో సగం మంది రైలు కూడా ఎక్కలేదు. అలాంటి మనిషి నోటి నుంచి మూడు మాటలే రాలడం ఎవరికైనా వింతే.

ఆ లోటు ఆమె మొగుడు జైసింగ్ తీర్చేవాడు. ఆయన నోట్లో నువ్వు గింజ నానదు. మానుకోట సంత దాటి ఎరగడు గాని, రష్యా మంచులో కాలు ఎంత లోతు దిగుతుందో, అంగేరి రొట్టె ఎంత గట్టిగా ఉంటుందో చేతులు తిప్పుతూ చెప్పేవాడు. రుక్కి అడ్డు చెప్పేది కాదు. ఆయన కోతల వల్ల ఆమెకు ఒక మేలు జరిగింది. ఆమెను నిజం అడిగేవాళ్లు తగ్గిపోయారు.

నిజం తాండా ఆడవాళ్లకు తెలుసు. రుక్కి అంగేరిలో ఆడుతున్న రోజుల్లో ఇక్కడ ఆమె తల్లి కన్నుమూసింది.

ఏడ్చే మగవాణ్ణి, నవ్వే ఆడదాన్ని నమ్మకూడదని ఎవరో సామెత కట్టారు. వాళ్లు ఏడ్చే ఆడదాని సంగతి ఎందుకు వదిలేశారో తెలియదు. తెలుసుకోవాలంటే లంబాడీ తాండాకు వెళ్లాలి. అక్కడ చాలా రోజుల తర్వాత కలిసిన ఆడవాళ్లు ముందు "బాగున్నావా" అని అడగరు. ఒకరి మెడ ఒకరు పట్టుకుని ఏడుస్తారు. ఊరికే కాదు, రాగం తీసి, మాట కట్టి ఏడుస్తారు. విడిపోయిన నాటి నుంచి ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఏ ఎద్దు చచ్చింది, ఏ కోడలు గొడవ పెట్టింది అన్నీ ఆ ఏడుపులోనే చెప్పుకుంటారు. ప్రతి ఏడుపూ "యాడీ" అని మొదలవుతుంది. యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. అంతా అయ్యాక కళ్లు తుడుచుకుని, నీళ్లు తాగి, నవ్వుతూ కబుర్లలో పడతారు. మెడ ఇవ్వడమంటే చుట్టరికం ఇవ్వడం. మెడ ఇవ్వలేదంటే ఆ చుట్టరికం తెగినట్టే.

తల్లి పోయినప్పుడు మాత్రం ఎవరి మెడ పడితే వాళ్ల మెడ పనికిరాదు. రుక్కి వాళ్ల తాండాలో పద్ధతి ఏమిటంటే, కబురు బిడ్డ ఉన్న చోటికి చేరిన రోజే తల్లి ఈడు ఆడదాని మెడ పట్టుకుని ఏడవాలి. ఆ రోజు దాటాక ఎంత ఏడ్చినా అది లెక్కలోకి రాదు. అలా లెక్కకు రాని ఏడుపే రుక్కికి మిగిలింది. ఒక పెళ్లిలో మాటా మాటా పెరిగి ఆమె వదిన "తల్లికి ఏడ్వని బిడ్డవు, నువ్వా నాకు చెప్పేది" అన్నది. వదిన మరునాటికి మర్చిపోయింది. రుక్కి మర్చిపోలేదు. తల్లి ముద్ద కలిపి పెట్టిన చేయి గుర్తుకొచ్చినప్పుడల్లా ఆ మాట కూడా గుర్తుకొచ్చేది. అంగేరి పేరెత్తితే చాలు, నోటికి తాళం పడేది.

ఇంతకన్నా పెద్ద ముల్లు ఇంకొకటి ఉంది. దాని పేరు మోతీబాయి.

విదేశాలకు పోయిన ఆటబృందంలో ఎనిమిది మంది ఆడవాళ్లు. నగారా వాయించే భీమ్లా నాయకుడు. అందరిలో మోతీబాయి కొంచెం పెద్దది. రుక్కి ఆమెను బాయి అని పిలిచేది, అంటే అక్క. ఇద్దరూ ఒకే తాండా, ఒకే బావి నీళ్లు. విమానం పైకి లేచినప్పుడు మోతీబాయి చెయ్యి రుక్కి ఎంత గట్టిగా పట్టుకుందంటే, దంతపు గాజుల అచ్చు అక్క చేతి మీద పడింది. చలిదేశంలో ఇద్దరూ ఒకే కంబళిలో పడుకున్నారు. చప్పటి తిండి మింగుడుపడక, కొంగున కట్టుకుపోయిన ఎండుమిరపకాయ ఒక్కటే చెరి సగం కొరుక్కున్నారు.

అంగేరి నుంచి తిరిగి తాండాలో అడుగుపెట్టాక గాని రుక్కికి తల్లి సంగతి తెలియలేదు. అప్పుడే భీమ్లా తల దించుకుని ఇంకొక మాట కూడా చెప్పాడు. కబురు అక్కడికే ఫోన్లో వచ్చిందట. వెంట వచ్చిన ఆఫీసరు అతనికీ మోతీబాయికీ చెప్పాడట. అంటే తల్లి చితి ఆరిపోయాక కూడా మోతీబాయి తన పక్కనే ఆడింది. తనతో నవ్వింది. తన జడ వేసింది. ఆ క్షణంలో మోతీబాయి ఏడుస్తూ చేతులు చాచి వచ్చింది. రుక్కి పక్కకు తప్పుకుంది. అందరూ చూస్తుండగా మెడ ఇవ్వలేదు.

తర్వాత మోతీబాయి సంసారం కాటారం అవతలి తాండాకు తరలిపోయింది. మధ్యలో ఒకటి రెండుసార్లు కబురు పంపింది. రుక్కి వచ్చిన కబురును వచ్చినట్టే తిప్పి పంపింది. మనుమరాళ్లు పుట్టారు, భీమ్లా పోయాడు, బృందంలో మిగతావాళ్లు ఒక్కొక్కరే పోయారు. ఈ ఇద్దరే మిగిలారు.

సకల జనుల సమ్మె మొదలైన ఏడు, బస్సులు డిపోల్లో, పిల్లలు ఇళ్లలో ఉన్న రోజులవి. తాండా బడి పంతులు రాజేందర్ జనగామ మనిషి. సమ్మెలో ఉన్నాడు గాని ఊరికే కూర్చునే రకం కాదు. జనగామ శిబిరంలో మన వైపు కళాకారుల బొమ్మలు పెట్టాలని అతనూ, స్నేహితులూ అనుకున్నారు. పాత ఫొటోల కోసం ఇల్లిల్లూ తిరుగుతూ రుక్కి ఇంటికొచ్చాడు. గోడ మీద అద్దం కట్టిన బొమ్మ ఒకటి కనబడింది. ఏదో పత్రికలోంచి జైసింగ్ కత్తిరించి కట్టించుకున్నది. ఫేటియాలు, అంటే అద్దాలు కుట్టిన లంగాలు, కట్టిన ఎనిమిది మంది ఆడవాళ్లు విదేశీ వీధిలో గుండ్రంగా తిరుగుతున్నారు. కింద 'ఉత్తరాది జానపద నృత్యం' అని అచ్చు వేసి ఉంది.

రాజేందర్‌కు ఒళ్లు మండింది. "ఇదేందవ్వా? మీరు దంతాలపల్లోళ్లు. ఉత్తరాది ఏంది? మన యాసను సినిమాల్ల ఎక్కిరించిరి, మన ఆటనేమో ఇంకోల్ల పేరు మీద రాసిరి. మీ పేర్లు చెప్పు, ఏడేడ ఆడిండ్రో చెప్పు. మొత్తం రికార్డు చేస్త."

"పోయినం, ఆడినం, వచ్చినం."

"గంతేనా?"

"గంతే."

అతను నాలుగు రోజులు తిరిగాడు. పాపం, చెవిలో జోరీగలా తిరిగినా మనిషి మంచివాడు, వచ్చినప్పుడల్లా ఆమె చేట అందుకుని తనే చెరగబోయి బియ్యమంతా నేలపాలు చేసేవాడు. అయిదో రోజు జైసింగ్ బయటి నుంచి వస్తూనే నోట్లో ఉన్నది ఊడ్చి పడేశాడు. "ఏమే, ఇన్నవా? మోతీబాయికి పక్షవాతం కొట్టిందట. ఒక దిక్కు పడిపోయిందట. నోరు వంకరవోయి మాట రాట్లేదట."

రుక్కి చేతిలో చేట ఆగింది.

ఆమెకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఇన్నేళ్లూ ఒక్క మాట అడగాలని మనసులో దాచుకుంది. "ఎందుకు చెప్పలేదు?" అన్న మాట. ఏదో ఒక రోజు అడుగుతానని, జవాబు వింటానని, విన్నాక గాని చావనని అనుకుంది. ఇప్పుడు జవాబు చెప్పవలసిన నోరే పడిపోతే ఎట్లా? అలా అడగకుండానే తాను కూడా పోతే?

"సారూ, నీ మోటరు సైకిలు కాటారం దాంక పోతదా?" అన్నది.

అలా, సమ్మె నడి మధ్యలో, అద్దాల ఫేటియా, చేతినిండా దంతపు గాజులతో రుక్కి బండి వెనక కూర్చుంది. తొర్రూరు, వరంగల్లు, పరకాల. దారి పొడుగునా గుడారాలు, జెండాలు, రోడ్డు మీదే పొయ్యిలు పెట్టిన వంటావార్పులు. ప్రతి చోటా బండి ఆపేవాళ్లు. వెనక కూర్చున్న అవ్వను చూసి "తినిపోవాలె" అని కూర్చోబెట్టేవాళ్లు. భూపాలపల్లి దగ్గర బొగ్గు గని కార్మికుల పంక్తిలో అన్నం తింటూ, ఎందుకో తెలియదు, రుక్కి తనంతట తానే నోరు తెరిచింది. పచ్చి మిరపకాయ కొరికినందుకో, ఇంత మందిలో తిన్నందుకో.

"మోతీ ఒకటే పిచ్చిది బిడ్డా," అన్నది. "అంగేరిల ఒకనాడు అంగట్ల ఆట. చుట్టూ జనం. అండ్ల ఒక ముసలామె, అచ్చం మన లెక్కనే పెద్ద ఘాగ్రా, మెడల రూపాయల దండ. పూలమ్ముతున్నది. మోతీ ఆట నడుమల ఆపింది. పొయ్యి ఆ ముసలామెకు దండం పెట్టింది. వచ్చి నన్ను పట్టుకపొయ్యి ఆమె మీదికి నెట్టి, 'ఈమె మనోళ్లే, ఏడ్వు' అన్నది. నాకేం సమజ్ కాలే. అయినా మెడ దొరికినంక ఏడుపు ఆగదు గద. యాడీ అని ఎత్తుకున్న. ఆ ముసలామె గూడ తన బాసల ఎత్తుకున్నది. గంత ఏడ్సినం! పోలీసులు ఉరికొచ్చిండ్రు, ఎవలన్న సచ్చిండ్రేమో అని."

రాజేందర్ నవ్వాడు. రుక్కి కూడా నవ్వింది.

"గొంతెండి పాణి అన్న. మా బాసల నీళ్లను పాణి అంటం. ఆమె గూడ పాణి అన్కుంట సీసా తెచ్చిచ్చింది. ఆడికి ఎవలు పోయిండ్రో ఏమో బిడ్డా, ఆ మాట మాత్రం మాదే. మా భీమ్లా, ఎంత పెద్ద ఆఫీసరొచ్చినా తల పాగ తియ్యడు, ఆనాడు పాగ తీసి సంకల పెట్టుకొని నిలవడ్డడు. ఉడకపోసిందేమో అనుకున్న."

ఉడకపోయడానికి అది చలిదేశమని ఆమెకు అప్పుడూ తట్టలేదు, ఇప్పుడూ తట్టలేదు.

కాటారం దాటి తాండా చేరేసరికి పొద్దు వాలుతోంది. మోతీబాయి కోడలు లత వాకిట్లో మంచం వాల్చి అత్తను గోడకు ఆనించి కూర్చోబెట్టింది. రుక్కి వాకిలి అంచునే నిలబడిపోయింది. తన జడ వేసిన ఆ కుడి చెయ్యి ఒడిలో పడి ఉంది. నోరు ఒక పక్కకు జారింది. కళ్లు మాత్రం అవే.

రాజేందర్ ఫోనులో రికార్డు పెట్టి మంచం మీద ఉంచాడు. "అవ్వా, నీ పేరు చెప్పు" అన్నాడు. మోతీబాయి నోరు కదిపింది. "ఆ... ఆ..." తప్ప రాలేదు. లత తల అడ్డంగా ఊపింది. "గింతే సార్. మాకు గూడ సైగలే."

అప్పుడు రుక్కి ముందుకొచ్చింది. తమ భాషలో అడిగింది. "బాయి, నాకు ఎందుకు చెప్పలే? నా తల్లి పోయిందని ఎందుకు చెప్పలే?"

మోతీబాయి మొహమంతా జవాబు చెప్పడానికి పెనుగులాడింది. మెడ నరాలు లేచాయి. నాలుక తిరగలేదు. కళ్ల నుంచి నీళ్లు కారిపోయాయి. పనిచేసే ఎడమ చెయ్యి ఒక్కటే పైకి లేచి, గాల్లో, రుక్కి వైపు చాచి ఉండిపోయింది. తాండా నడి వాకిట్లో ఆనాడు చాచినట్టే చాచింది.

రుక్కి ఈసారి తప్పుకోలేకపోయింది. ఎంత కోపమున్నా ఆ చెయ్యి ఆమె అక్కది. వెళ్లి మెడ ఇచ్చింది.

"యాడీ..." అని మోతీబాయి గొంతు లేచింది.

వాకిట్లో పిడుగు పడ్డట్టు లత ఎక్కడిదక్కడ నిలబడిపోయింది. మాటకు తిరగని నాలుక రాగానికి తిరిగింది. ఒక్కో మాట రాగాన్ని పట్టుకుని, గోడ పట్టుకుని నడిచే పిల్లలా బయటికొచ్చింది.

రాజేందర్‌కు వాళ్ల భాష రాదు. ముసలామె ప్రాణం పోతోందనే అనుకున్నాడు. ఇద్దరు ఆడవాళ్లు అలా ఏడుస్తుంటే ఫోను పెట్టి పట్టడం పాపమనిపించింది. మర్యాదగా ఫోను ఆపి, చెప్పులు చేత పట్టుకుని వీధిలోకి వెళ్లిపోయాడు.

వాకిట్లో మోతీబాయి ఏడుపు సాగింది.

"యాడీ, ఇత్తడి బిందెలు మోసిన తలలు, ఇనుప పిట్టల ఎగిరినయే యాడీ. ఎనమండ్రం పోతిమే, మిరపకాయ మూటలు కట్టుకపోతిమే. మంచు దేశంల అద్దాల ఫేటియాలు తిప్పితిమే, తెల్లోళ్ల కండ్లు మా అద్దాల్ల చూస్తిమే. ఫోన్ల కబురొచ్చె యాడీ, నా చెల్లె తల్లి పోయె, నా చెల్లె నవ్వుతుండె. చెప్పద్దని భీమ్లా సేవాలాల్ దేవుని మీద ఒట్టు పెట్టిచ్చె. ఎట్ల చెప్పుదు? చెప్తే ఎవరి మెడ పట్టుకుంటది నా చెల్లె? తల్లి ఈడుది ఒక్కతి లేదాయె. చెప్పకుంటే ఎట్ల? పొద్దు దాటిపోతుండె, నా చెల్లె ఏడ్వకపాయె. అంగట్ల పూలమ్మే ముసలామెను చూస్తినే యాడీ, మనసొంటి ఘాగ్రా, నీ ఈడు మొకం. దండం పెట్టి అడిగితినే, నీ మెడ ఇయ్యి తల్లీ, నా చెల్లెకు తల్లి లేదని. నా బాస ఆమెకెట్ల తెలిసెనో, ఇస్తనన్నట్టు తల ఊపె. నా చెల్లెను నెడితినే, ఏడ్వుమంటినే. భీమ్లా పాగ తీసె. పొద్దు దాటకముందే నీ తల్లికి ఏడ్సినవే చెల్లే, భీమ్లా నేను ఇద్దరం చూస్తిమే, నువ్వే ఎరగవాయె..."

పూల వాసన, రూపాయల దండ చెంపకు తగిలిన చల్లదనం, చావింట తీసినట్టు పాగ తీసి చలిలో నిలబడ్డ భీమ్లా, అన్నీ ఒక్కసారిగా రుక్కి కళ్ల ముందుకు వచ్చాయి. ఇన్నేళ్లు పిచ్చిపని అని నవ్విన ఆ ఏడుపు తల్లికి ఏడ్చిన ఏడుపట! సముద్రాల అవతల, ముక్కూ మొహం తెలియని ఒక తల్లిని బతిమాలి, తన కోసం మెడ అరువడిగి తెచ్చిందట బాయి. ఆడవాళ్ల ఏడుపు ముచ్చట భీమ్లా నోట చెప్పేది కాదు. ఆ మాట చెప్పుకుందామని తాండాలో బాయి చేతులు చాచి వస్తే, చెప్పవలసిన మెడనే తాను ఇవ్వలేదు. రుక్కి ఇప్పుడు ఏడ్చిన ఏడుపు తల్లి కోసం కాదు, మోతీబాయి కోసం. అక్క భుజం మీద మొహం పెట్టి, "నా మీద మన్ను పొయ్యి బాయి, నా మీద మన్ను పొయ్యి" అని ఏడ్చింది. మోతీబాయి ఎడమ చెయ్యి ఆమె జడ నిమురుతూనే ఉంది.

లత వీధిలోకొచ్చేసరికి రాజేందర్ గోడ పక్కన తలవంచుకుని నిలబడ్డాడు. "ఎప్పుడు పోయింది?" అన్నాడు మెల్లగా.

లతకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "పోవుడేంది సార్! మా అత్తకు మాటొచ్చింది. అంగేరి ముచ్చటంత చెప్తున్నది."

అతను చేతిలో ఆగిపోయిన ఫోను చూసుకుని నెత్తి కొట్టుకున్నాడు. కాటారం దాకా ఏ మాటల కోసం వచ్చాడో ఆ మాటలన్నిటికీ తానే తలుపు మూసినట్టు అయింది.

ఇద్దరూ కళ్లు తుడుచుకుని నీళ్లు తాగాక అతను వెళ్లి మంచం దగ్గర నిలబడ్డాడు. రుక్కి అతని మొహం చూసి సంగతి గ్రహించింది. "బాధపడకు బిడ్డా. ఆడోళ్లు ఏడుస్తుంటే అవుతలికి పోయినవు, మంచి తల్లి కన్న కొడుకువు. కలిసిన ఏడుపు మల్లొకసారి రాదు. పోయేటప్పటి ఏడుపు ఉంటది గద. అండ్ల గూడ అన్నీ చెప్పుకుంటం. గప్పుడు పెట్టుకో నీ ఫోను."

"ఎప్పుడు పోతవవ్వా?"

"బస్సులు నడవనీ. నాకేం తొందర? ఇన్నేండ్ల ముచ్చటున్నది."

మోతీబాయి వంకర నోటితో నవ్వింది.

సమ్మె ముగిసి బస్సులు కదిలాక రాజేందర్ మళ్లీ కాటారం వచ్చాడు. వాకిట్లో ఇద్దరూ మెడలు పట్టుకున్నారు. ఈసారి అతను కదలలేదు, అతని కళ్లు మాత్రం ఆగలేదు. విమానం నుంచి మిరపకాయ దాకా, రష్యా నుంచి పూల ముసలామె దాకా, ఎనిమిది మంది పేర్లూ, భీమ్లా పేరూ, అన్నీ ఫోనులోకి ఎక్కాయి. పక్కన కూర్చున్న లత ఒక్కో మాటా తెలుగులో చెప్పింది. చివర్లో తనకే తెలియకుండా మాట కట్టి ఆమె కూడా గొంతు కలిపింది.

సమ్మె అయిపోయినా జనగామలో శిబిరం ఎత్తలేదు. అక్కడ ఆ బొమ్మను పెద్దది చేసి పెట్టారు. ఉత్తరాది అన్న మాట పోయింది. ఆ చోట తొమ్మిది పేర్లు, తాండా పేరు వచ్చాయి. రుక్కిని, జైసింగ్‌ను తీసుకొచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టారు. బొమ్మ చూసిన ఒక పట్నపు అమ్మాయి రుక్కి దగ్గరకొచ్చి ముచ్చటగా అడిగింది. "గంత దూరం పోయి ఏం చేసొచ్చిండ్రు అవ్వా?"

జైసింగ్ అప్పటికే చేతులు తిప్పుతూ నోరు తెరిచాడు. రుక్కి ఆయన చెయ్యి పట్టి కిందికి దించింది.

"పోయినం, ఆడినం," అన్నది. అక్కడ ఆగింది. ఆమె అలా ఆగడం జైసింగ్ ఎన్నడూ చూడలేదు.

"మా యాడికి ఏడ్సినం," అన్నది రుక్కి. "వచ్చినం."